మీకు తెలుసా? పందెం ఎడ్ల తరగతిని పళ్లే తేలుస్తాయి

అమెరికాలో స్ప్రింట్ కార్లనే పందెం కార్లను ఇంజన్ పరిమాణాన్ని బట్టి 410, 360, 305 ఘనపు అంగుళాల తరగతులుగా విడదీస్తారు. మన బండలాగుడు పోటీల్లో ఆ పని చేసేది ఎద్దు నోరు!

జగ్గయ్యపేట, నందిగామ వైపు రైతులకు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ల అనగానే ఎడ్ల పందేలు గుర్తొస్తాయి. ఎద్దుకు పైదవడ ముందు పళ్లుండవు. కింది దవడలోని ఎనిమిది పాలపళ్లూ జంటలు జంటలుగా ఊడి, శాశ్వత పళ్లొస్తాయి. వచ్చిన శాశ్వత పళ్ల లెక్కను బట్టే పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు... ఇలా పోటీల్లో విభాగాలు. వయసు దాచడం కుదరదు, పెదవి ఎత్తి చూస్తే చాలు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది. నిర్ణీత సమయంలో ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. దూరాన్ని అడుగుల్లో కొలుస్తారు.

ఖర్చు మాత్రం తక్కువేం కాదు. పేరున్న ఒంగోలు జత ధర లక్షల్లో పలుకుతుంది. ఆపైన ఏడాది పొడవునా ఉలవలు, పత్తి గింజలు, రోజూ సాధన, ఊరూరికీ లారీ కిరాయి. ట్రాక్టర్లొచ్చి దుక్కిటెడ్లు తగ్గాక సన్నకారు రైతు బరిలో నిలవడం కష్టమైపోయింది. ఇంట పుట్టిన కోడెలతో అతను దిగగలిగేది పాలపళ్లు, రెండు పళ్ల విభాగాల్లోనే. నిర్వాహకులారా, బహుమతి సొమ్ము ముందు అక్కడ పెంచండి.