కళాశాలలో తొలియేడు

వేసవి ముగిసి తొలకరి పడే వేళకు తెలుగునాట బస్సుస్టాండులలోను, రైలుస్టేషన్లలోను ఒక క్రొత్త తరగతి ప్రయాణికులు కనిపిస్తారు. చేతిలో పెట్టె, చంకలో పరుపుచుట్ట, ఒక సంచిలో ఆవకాయ సీసా, మరొక సంచిలో ధ్రువపత్రాల కట్ట. ప్రక్కన తండ్రియో, మేనమామయో. ఉన్న ఊరు విడిచి కళాశాలలో చేరబోతున్న బాలబాలికలు వారు. మార్కులెన్ని వచ్చినవి, సీటు ఎక్కడ దొరికినది అని అంతకుముందు నెలరోజులపాటు బంధువులందరూ అడిగి ఉంటారు. సీటు దొరికిన తరువాత పిల్లవాడు అక్కడ కుదురుకున్నాడా అని అడిగేవారు మాత్రం తక్కువ. చేరడం ఒక పూటలో ముగిసే పని. కుదురుకోవడానికి ఒక ఏడాది పడుతుంది. ఆ ఏడాది గడవకముందే తిరుగు ప్రయాణం కట్టిన తెలివిగల పిల్లలు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు.

ఈ 'కుదురుకోవడం' అనే తెలుగు మాట చాల అర్థవంతమైనది. కుండకు అడుగు గుండ్రంగా ఉంటుంది. ఉత్త నేలమీద పెడితే ఒరిగిపోతుంది. అందుచేత గడ్డితోనో, నారతోనో చుట్ట చుట్టి దాని క్రింద పెడతారు. ఆ చుట్టకే కుదురని పేరు. కుదురు లేక కుండ ఒరిగితే ఏ ఇల్లాలూ కుండను నిందించదు. కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థి విషయంలో మాత్రం లోకం తీర్పు వేరు. అతడు ఒరిగితే ధైర్యం లేదంటారు, శ్రద్ధ చాలదంటారు, ఇంటిమీద బెంగపెట్టుకున్నాడంటారు. అతని క్రింద కుదురు ఉన్నదా లేదా అని చూడరు. మన ప్రాంతాల ఉన్నతవిద్య నడిచివచ్చిన దారిని పరిశీలిస్తే, ఆ కుదురు మూడు పేటలతో పేనినదని తెలుస్తుంది: కూడు, గూడు, మాట.

మొదటిది కూడు. 1843లో రాబర్టు నోబుల్ మచిలీపట్నంలో పాఠశాల నెలకొల్పిన నాటినుండి, రాజమహేంద్రవరం, విజయనగరం, గుంటూరు, కాకినాడ పట్టణాలలో కళాశాలలు వర్ధిల్లిన కాలమంతా, పల్లెనుండి వచ్చిన పేద బాలునికి పుస్తకాలకంటె ముందు అన్నమే సమస్య. అందుకు ఆనాటి సమాజం చేసిన ఏర్పాటు వారాలు. ఆదివారం ప్లీడరుగారి ఇంట, సోమవారం గుమాస్తాగారి ఇంట, మంగళవారం మరొకరి ఇంట, ఈ విధంగా వారానికి ఏడు ఇండ్లు కుదిరితే చదువు కుదిరినట్లే. ఆరే దొరికితే ఏడవనాడు పస్తు. ఇంటివారు ఊరికి వెళ్ళితే ఆనాడూ పస్తే. కొన్ని ఇండ్లలో తల్లివంటి ఆదరణ ఉండేది. కొన్ని ఇండ్లలో అన్నంతోపాటు ఒక ములుకువంటి మాట కూడ విస్తట్లో పడేది. ఎందరో విద్యావంతులు ఆ అన్నం తిని పైకివచ్చినవారే. అయితే ఆ ధర్మానికి హద్దులు ఉండేవి. అది ఎక్కువగా బ్రాహ్మణ బాలురకే అందినది. కులం గీసిన గీతను ఆ విస్తరి దాటలేదు. ఆడపిల్లల ఊసే అందులో లేదు.

కొందరికి ఆ కుదురు ఒకే వ్యక్తి రూపంలో దొరికినది. 1872లో జన్మించిన టంగుటూరి ప్రకాశం చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను పోషించినది. బాలునిలోని చురుకుదనం గుర్తించిన ఉపాధ్యాయులు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు, తాము రాజమహేంద్రవరం వెళ్ళినప్పుడు అతనిని వెంట తీసికొనిపోయి, అక్కడి చదువుకు ఆధారమైనారు. తరువాతి కాలంలో ఆంధ్రకేసరి అయిన మనిషి సాహసానికి పేరుపొందినవాడే. అంతటివానికి కూడ మొదట కావలసినది సాహసం కాదు. క్రొత్త ఊరిలో 'నా పిల్లవాడు' అని చెప్పగల ఒక పెద్దదిక్కు.

రెండవది గూడు. ఒక్కొక్క దాత ఇచ్చే అన్నం ఎందరికి చాలుతుంది? ఇరవయ్యవ శతాబ్ది తొలిదశకాలలో వసతిగృహాలు ఏర్పడసాగినవి. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో 1904 నుండి 1919 వరకు అధ్యక్షులుగా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు, అంటరానివారని లోకం దూరంగా ఉంచిన కుటుంబాల పిల్లలకు, అనాథలకు ఆశ్రయం కల్పించి తమ జీతంలో అధికభాగం వారికే వినియోగించారు. హైదరాబాదులో 1918లో రెడ్డి వసతిగృహం వెలసినది. తరువాత నగర కొత్వాలు పదవిని అలంకరించిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి దాని స్థాపనకు మూలపురుషులు. గోలకొండ పత్రికా సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి కొంతకాలం దాని నిర్వహణ వహించారు. తెలంగాణ పల్లెలనుండి రాజధానికి వచ్చిన బాలునికి ఆనాడు నగరంలో తెలుగు వినిపించే చోటు దొరకడమే అపురూపం. అట్టి చోట వసతిగృహం ఇల్లూ అయినది, గ్రంథాలయమూ అయినది, భాషాభిమానానికి బడి కూడ అయినది.

గూడు లేకపోవడం ఎంతటి అడ్డంకియో చెప్పడానికి దుర్గాబాయి కథ చాలును. జైలు జీవితం తరువాత ఆమె కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండి, పై చదువులు సాగించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరదలచినది. స్త్రీలకు వసతిగృహం లేదుకనుక చేర్చుకోవడం కష్టమని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి చెప్పారు. ఆమె వెనుదిరుగలేదు. చదువుకోగోరే స్త్రీలు ముందుకు రావలసినదని పత్రికలలో ప్రకటించినది. వచ్చినవారితో కలిసి వసతి ఏర్పాటు చేసికొని, మరల వెళ్ళి సీటు సంపాదించినది. అర్హతకు లోటు లేదు. లోటు ఉన్నది కప్పుకు మాత్రమే. ఆ కప్పు లేని కారణాన దుర్గాబాయివంటి పట్టుదల లేని ఎందరు ఆడపిల్లలు ఇంటనే ఉండిపోయారో లెక్కకట్టినవారు లేరు.

ఈనాడు కూడు, గూడు విషయంలో స్థితి చాలవరకు మారినది. ప్రభుత్వ సంక్షేమ వసతిగృహాలు ఉన్నవి, ఉపకారవేతనాలు ఉన్నవి. 2008లో స్థాపించిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో పదవ తరగతి ముగించిన పల్లె పిల్లలను చేర్చుకొని, ఆరేండ్ల చదువును వసతితో సహా అందించడానికి పూనుకున్నది. పదిహేనేండ్లకే ఇల్లు విడిచిన పిల్లలు వందలకొలదిగా ఒకేచోట చేరితే మొదటి నెలలు ఎట్లా గడుస్తవో ఊహించడం కష్టం కాదు. మెస్సు గంట కొట్టగానే పళ్ళెం పట్టుకొని వరుసలో నిలబడాలి. రాయలసీమ పిల్లకు సంగటి గుర్తువస్తుంది. పాలమూరు పిల్లవానికి జొన్నరొట్టె గుర్తువస్తుంది. రాత్రి దీపాలు ఆర్పిన తరువాత దుప్పటి క్రింద కన్నీరు వస్తుంది. అయితే ఇంటినుండి తెచ్చిన ఆవకాయ సీసా మూత తీసిననాడు నలుగురు స్నేహితులు ఏర్పడతారు. ఆకలి, నిద్ర, బెంగ అందరికీ ఒకటే కనుక వాటిని పంచుకోవడం సులభం.

మూడవదైన మాట అట్లా పంచుకోవడానికి వీలుకానిది. నేడు తొలియేటి విద్యార్థిని ఎక్కువగా ఒరిగించేది అదే. తరగతిలో అధ్యాపకుడు ఇంగ్లీషులో పాఠం ప్రారంభిస్తాడు. ముందువరుసలోని పట్నపు పిల్లలు తలలూపుతారు. పల్లెబడిలో తెలుగున చదివి మంచి మార్కులు తెచ్చుకున్న బాలుడు వెనుకబల్లమీద బిగుసుకొని కూర్చుంటాడు. అతనికి త్వరణం తెలుసు, యాక్సిలరేషన్ తెలియదు. ద్రవ్యవేగం మీద లెక్కలు చేసినవాడే. మొమెంటమ్ అన్న మాట వినగానే క్రొత్త విషయమనుకుంటాడు. కిరణజన్య సంయోగక్రియను బొమ్మ గీసి వివరించగల బాలిక, ఫోటోసింథసిస్ అనగానే తలవంచుకుంటుంది. విషయం తెలిసికూడ దాని పేరు తెలియనివాడు, తనకు విషయమే తెలియదని నమ్మడం ప్రారంభిస్తాడు. అతడు ప్రశ్న అడగడు. అడగనివానికి సందేహం లేదని అధ్యాపకుడు భావిస్తాడు. ఈ మౌనం రెండు నెలలు సాగితే మొదటి పరీక్ష వస్తుంది. ఆ పరీక్షలో వచ్చిన మార్కులు అతని అనుమానాన్ని రుజువు చేసినట్లు కనిపిస్తవి.

ఈ గోడ క్రొత్తది కాదు. చోటు మాత్రం మారుతూ వచ్చినది. ఇంగ్లీషువారి పాలనలోని జిల్లాలలో ఒకప్పుడు ఉన్నతపాఠశాలలోనే ఇంగ్లీషు బోధన ఉండేది. నిజాము రాజ్యంలో ఉర్దూ ఉండేది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం భారతీయ భాషలో ఉన్నతవిద్య నేర్పిన గొప్ప ప్రయోగం. అందుకొరకు అనువాదశాఖను ఏర్పరచి పాఠ్యగ్రంథాలు వ్రాయించారు. కాని ఆ భాష ఉర్దూ. ఇంట తెలుగు పలికే విద్యార్థికి అదికూడ పరాయిదే. స్వాతంత్ర్యం తరువాత పాఠశాలలలో తెలుగు స్థిరపడగా గోడ కళాశాల గుమ్మానికి జరిగినది. దానిని తొలగించే తలంపుతోనే 1968లో తెలుగు అకాడమీ స్థాపన జరిగినది. ఇంటర్మీడియెట్, డిగ్రీ తరగతులకు తెలుగు పుస్తకాలు వచ్చినవి. కళల తరగతులలో అది కొంత ఫలించినది. ఇంజనీరింగు, వైద్య విద్యలు ఇంగ్లీషులోనే సాగినవి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువులన్నింటిని ఇంగ్లీషు మాధ్యమంలో నడపాలని నిర్ణయం జరిగినది. ఏ భాషలో బోధించాలన్న వాదం ఇంకను తెగలేదు, త్వరలో తెగేదీ కాదు. అయితే ఆ వాదం తేలేవరకు వెనుకబల్లమీది పిల్లవాడు వేచియుండలేడు. అతనికి ఉన్నది ఒక్క ఏడాది.

పాఠం ఏ భాషలో ఉన్నా, సందేహం తన భాషలో అడుగుకొనే స్వేచ్ఛ ఇవ్వడానికి ఏ ప్రభుత్వ నిర్ణయమూ అవసరం లేదు. క్రొత్త పదం వచ్చినప్పుడు దాని తెలుగు పేరు ఒక్కసారి నల్లబల్లమీద ప్రక్కన వ్రాయడానికి అర నిమిషం పడుతుంది. పదవ తరగతి తెలుగు పుస్తకంలోని శాస్త్రపదాలకు ఇంగ్లీషు మాటలు కూర్చిన నాలుగు పుటల పట్టిక మొదటివారంలో పంచితే చాలును. తనకు తెలిసిన విషయాలు ఎన్నో అప్పుడే విద్యార్థికి తెలిసివస్తుంది. ఇది దయ కాదు, బోధనలో భాగమే.

మాట అనగా పాఠపు భాష మాత్రమే కాదు. తోటివారు పలుకరించే తీరు కూడ. వసతిగృహపు మెట్లమీద పెద్ద తరగతి విద్యార్థి క్రొత్తవానిని ఆపి "ఏ ఊరురా నీది?" అని అడగవచ్చు, "ఏ ఊరు తమ్ముడూ?" అని కూడ అడగవచ్చు. ప్రశ్న ఒకటే. మొదటిది ర్యాగింగునకు నాంది, రెండవది బాంధవ్యానికి నాంది. పరిచయం పేరుతో సాగిన ఈ హింస ఎందరి చదువును మాన్పించినదో, కొందరి ప్రాణాలను కూడ బలిగొన్నదో దేశం ఎరుగును. ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ర్యాగింగు నిషేధ చట్టం వచ్చినది. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దేశమంతటికీ నిబంధనలు విధించినది. వాటిలో శిక్షల భాగం అందరికీ తెలుసు. అంతగా ప్రచారం కాని మరొక భాగం ఉన్నది: ఆరుగురు క్రొత్త విద్యార్థులకు ఒక పెద్ద విద్యార్థి మార్గదర్శిగా ఉండాలి, క్రొత్తవారిని చిన్న జట్లుగా చేసి ఒక్కొక్క జట్టును ఒక అధ్యాపకునికి అప్పగించాలి. భయపెట్టకూడదని చెప్పి ఊరుకోక, తోడుండవలసినదని కూడ ఆ నిబంధనలు చెప్పినవి. వారాల ఇల్లాలు, హనుమంతరావు నాయుడుగారు చేసిన పనినే అవి కాగితంమీద పెట్టినవి. 2019లో అదే సంఘం 'దీక్షారంభ్' పేరుతో తొలిదినాల పరిచయ కార్యక్రమాన్ని కూడ సూచించినది. ఇవి స్వాగతోపన్యాసాలతో, పూలగుత్తులతో ముగిసిపోకుండా చూడవలసిన బాధ్యత ఆయా కళాశాలలది.

తల్లిదండ్రులకు కూడ ఇందులో పాత్ర ఉన్నది. దసరా సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవానిని మొదట మార్కులు అడగడం వాడుక. ఎవరితో కలిసి భోంచేస్తున్నావు, గదిలో ఎవరున్నారు, సందేహం వస్తే ఎవరిని అడుగుతున్నావు అని ముందుగా అడిగితే, మూడు పేటలలో ఏది తెగినదో అక్కడే బయటపడుతుంది. మూడు ప్రశ్నలకూ పేర్లతో సమాధానం చెప్పగలిగితే ఆ పిల్లవాని గురించి దిగులుపడనక్కరలేదు. చెప్పలేక నేలచూపులు చూస్తే మార్కులపట్టీ వచ్చేవరకు ఆగకుండా కళాశాలకు వెళ్ళి ఆచార్యుని కలుసుకోవాలి.

సంక్రాంతి దాటేసరికి చాలమంది పిల్లలలో మార్పు కనిపిస్తుంది. ఇంటికి వచ్చే ఫోనులు పలుచబడతవి. 'మా కాలేజి' అన్న మాట నోట వస్తుంది. వెనుకబల్ల బాలుడు ఒకనాడు లేచి, సగం ఇంగ్లీషు సగం తెలుగున, మొదటి ప్రశ్న అడుగుతాడు. ఎవరూ నవ్వకపోతే మరునాడు రెండవది అడుగుతాడు. మరుసటి జూలైలో మెస్సు బల్లదగ్గర పళ్ళెం పట్టుకొని దిక్కుతోచక నిలబడిన ఒక క్రొత్త పిల్లవాడు అతని కంటబడతాడు. అప్పుడతడు కొంచెం ప్రక్కకు జరిగి చోటిచ్చి, "ఏ ఊరు తమ్ముడూ?" అని అడిగితే, అతడు కుదురుకున్నట్లే.