డాక్టరు పట్టము పిమ్మట

శాస్త్రములందు డాక్టరు పట్టము పొందిన యువతులు నేడు మన కుటుంబములలో గలరు. పట్టము చేతికి రాగానే వారికి పెక్కు యిండ్ల వినవచ్చు మాట యొక్కటే: “చదివినది చాలును, ఇక సంసారము చూచుకొనుము.” మేమట్లు తలంపము. పట్టమనగా పని నేర్చుకొన్నదనుటకు గుఱుతు మాత్రమే. స్వతంత్రముగా పరిశోధించుట అటుపిమ్మటనే అలవడును. అందులకై ఒకటి రెండేండ్లు పరదేశపు ప్రయోగశాలలో పనిచేయుటకు వేతనమిచ్చు సంస్థలు కలవు. ఆ వేతనమునే పోస్టుడాక్టొరల్ ఫెలోషిప్పందురు.

దీనికై ప్రకటనలను వెదకుటతో పని మొదలగునని పలువురు తలంతురు. నిజమునకు మొదట వెదకవలసినది ధనమును గాదు, ఆచార్యుని. తన విషయమున ఇటీవల వెలువడిన వ్యాసములను చదివి, ఎవరి కడ తన పని ముందునకు సాగునో నిర్ణయించుకొని, వారికి జాబు వ్రాయవలెను. తానింతవఱకు చేసినదేమి, వారి పనిలో తన్నాకర్షించినదేమి, అచ్చట చేయదలచినదేమి – ఈ మూడును ఒక్క పుటలో ఇముడవలెను. ఒకే జాబును నూఱుగురికి పంపుట వ్యర్థము. కొన్ని వారములు గడచినను ప్రత్యుత్తరము రాకున్న మరల వ్రాయుట తప్పుగాదు.

ఆచార్యులు సమ్మతించిన పిమ్మట రెండు దారులు కలవు. వారు తమ పరిశోధన నిధినుండి వేతనమియ్యవచ్చును. లేదా వారి సమ్మతితో ఏదేని సంస్థకు దరఖాస్తు పెట్టవచ్చును. జర్మనీలోని హంబోల్ట్ ఫౌండేషనువారు క్రొత్తగా పట్టము పొందినవారికి 6 నెలలు మొదలు 24 నెలలవఱకు వేతనమిత్తురు. వెంట వచ్చు కుటుంబమునకును సాయపడుదురు. ఐరోపా సమాఖ్యవారు మేరీ స్క్లొడొవ్‌స్కా క్యూరీ పేర ఇచ్చు వేతనములకు ఏ దేశమువారైనను అర్హులే. ప్రసవము, శిశుపోషణములకై పని మానిన కాలమును వారు అర్హతకాలములో లెక్కింపరు. జపానులోని జె.ఎస్.పి.ఎస్. వేతనమునకు సాధారణముగా అచ్చటి ఆచార్యులే దరఖాస్తు పంపుదురు. వేతనమిప్పింతుమని ముందుగా రుసుము అడుగువారిని మాత్రము నమ్మరాదు.

బిడ్డ గల తల్లికి ఇది సాధ్యమా యని సోదరీమణులు సందేహింపవచ్చును. కలకత్తా విశ్వవిద్యాలయమున 1944లో డి.ఎస్సీ. పట్టమందిన అసీమా ఛటర్జీగారు 1947లో పసిబిడ్డయగు కుమార్తెను వెంటగొని అమెరికాకేగిరి. విస్కాన్సిన్, కాలిఫోర్నియాలలోను, పిదప స్విట్జర్లాండులోని జూరిచ్‌నందు నోబెలు బహుమతి గ్రహీతయగు పాల్ కారర్‌గారి కడను పరిశోధించిరి. 1950లో స్వదేశమునకు వచ్చి, మన ఔషధీవృక్షముల రసాయనములను శోధించుటలో జీవితమును గడపిరి. 1961లో భట్నాగర్ బహుమతియు, 1975లో పద్మభూషణ బిరుదమును వారిని వరించినవి.

అయితే ఆ ప్రయాణమున బిడ్డను చూచుకొనుటకు ఒక దాది వారి వెంట నుండెను. ఈ సంగతి మఱవరాదు. తల్లి ప్రయోగశాలయందున్న వేళ బిడ్డ నెత్తుకొను చేయి యొకటి కావలెను. అందఱికిని దాది దొరకదు; భర్తయో, తల్లియో, అత్తగారో ఆ భారము వహింపవలెను. కావున కుమార్తెయో కోడలో ఆచార్యునకు జాబు వ్రాయుటకు ముందే ఇంటివారందఱు కూర్చుండి, ఎవరు ఏ పని చేయుదురో నిశ్చయించుకొనుట మేలు. వేతనము విదేశమునుండి వచ్చును గాని, అనుమతియు ఆసరాయు ఇంటినుండియే రావలెను.