మెగ్నీషియం ఖర్చు, ఆర్గాన్ ఖర్చు

అరోరాలో మన పిల్లలు తెచ్చే కెమిస్ట్రీ హోంవర్కులో ఒక మాట తరచు కనిపిస్తుంది: ప్రతి పరమాణువూ తన బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రానులు ఉండాలని కోరుకుంటుందని. గుంటూరులోనో వరంగల్లులోనో మనమూ ఇదే బట్టీ పట్టాం. మెగ్నీషియం ఎలక్ట్రానులు 2, 8, 2. చివరి రెండూ ఇచ్చేస్తుంది. ఆర్గాన్‌కి ఎనిమిదీ ఉన్నాయి, ఎవరి జోలికీ పోదు. పరీక్షకి ఇది చాలు. కాని పరమాణువుకి కోరికేమిటి?

నిజానికి మెగ్నీషియం ఏదీ ఊరికే ఇవ్వదు. 24 గ్రాముల మెగ్నీషియం ఆవిరిలో ఒక్కో పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాను లాగడానికి 738 కిలోజౌళ్ళు, రెండోదానికి 1451 ఖర్చవుతాయి. వాటిని పుచ్చుకున్న క్లోరిన్ తిరిగిచ్చేది 700 లోపే. ఇంతవరకూ నష్టమే. ధన, ఋణ అయానులు దగ్గరకు చేరి స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు దాదాపు 2500 వస్తుంది. లోహాన్ని ఆవిరి చెయ్యడానికీ, క్లోరిన్ జంటని విడదియ్యడానికీ అయినది పోను ఇంకా 640 మిగులుతుంది. ఒక్కటే ఇచ్చి ఊరుకోవచ్చుగా అంటారా? రెట్టింపు ఆవేశంతో కట్టిన స్ఫటికం అంత గట్టిది, రెండోదాని ఖర్చూ రాబడుతుంది. మూడోది లోపలి కక్ష్యది. దానికి 7733! ఏ స్ఫటికమూ అంత తీర్చలేదు.

ఆర్గాన్‌కి మొదటి ఎలక్ట్రానుకే 1521. పొటాషియం క్లోరైడ్ లాంటి స్ఫటికం కట్టిందనుకున్నా వచ్చేది 720 లోపు. క్లోరిన్ ఇచ్చే 349 కలిపినా అప్పు తీరదు. పోనీ పుచ్చుకుందామన్నా, కొత్త ఎలక్ట్రాను దూరపు కక్ష్యలో ఉండాలి. కేంద్రకం పట్టు అక్కడిదాకా అందదు.

ఈ రెండింటికీ ఒకసారి ముఖాముఖీ జరిగింది. గాలి నుంచి తీసిన నైట్రోజన్, రసాయనాల నుంచి తీసినదానికన్నా అర శాతం బరువెక్కువ ఉండడం రేలీని వేధించింది. 1894లో రామ్సే ఆ గాలి నైట్రోజన్‌ని ఎర్రగా కాలిన మెగ్నీషియం మీదుగా పదే పదే పంపాడు. మెగ్నీషియం నైట్రోజన్‌ని నైట్రైడుగా మింగేసింది. మింగుడు పడక మిగిలినదే ఆర్గాన్. మనం పీల్చే గాలిలో దాదాపు ఒక శాతం ఉండి కూడా అన్నాళ్ళూ దొరకలేదు!

లెక్క మారితే ఫలితమూ మారుతుంది. ప్లాటినం హెక్సాఫ్లోరైడు ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాను లాగడం చూసిన నీల్ బార్ట్‌లెట్, జీనాన్‌కి పట్టే ఖర్చూ ఇంచుమించు అంతే కదా అనుకున్నాడు. 1962లో కలిపి చూశాడు. జీనాన్ సమ్మేళనం తయారైంది.

ఆర్గాన్ మొండితనం ఇప్పుడు మన ఇరుగుపొరుగులోనే పనికొస్తోంది. అరోరాకి కాస్త ఉత్తరాన, బటేవియాలోని ఫెర్మీ ల్యాబ్‌లో 2015 నుంచి 2021 దాకా నడిచిన మైక్రోబూన్ ప్రయోగంలో సుమారు 170 టన్నుల ద్రవ ఆర్గాన్ వాడారు. ఏ న్యూట్రినో అయినా ఆర్గాన్ కేంద్రకాన్ని ఢీకొంటే, పుట్టిన కణాలు దారి పొడుగునా ఎలక్ట్రానులను ఊడగొడతాయి. ఇక్కడ ఖర్చు ఆ కణాలది. ఊడిన ఎలక్ట్రానులు రెండున్నర మీటర్ల దాకా ప్రయాణించి తీగలను చేరితేనే కణం నడిచిన దారి తెలిసేది. ఆర్గాన్ వాటిని పట్టుకోదు. ఆక్సిజన్ మాత్రం ఎదురైతే పట్టేసుకుంటుంది. అందుకని వందకోట్ల పాళ్ళలో ఒక్క పాలు ఆక్సిజన్ కూడా మిగలకుండా ఆ ద్రవాన్ని నిరంతరం వడగట్టేవారు.