కొండలలో గుడారము వేయుటకు చోటు

చలికాలము వచ్చినంతనే విశాఖ మన్యపు కొండలవైపు బండ్లు బారులు తీరుట పరిపాటి యైనది. అరకు, అనంతగిరి, లంబసింగి ప్రాంతములకు పోవు కుటుంబములలో కొందరు వసతిగృహములను కాదని గుడారములను కోరుచున్నారు. జనసమ్మర్దమునకు దూరముగా, ఏదో ఒక గెడ్డ ఒడ్డున, పిల్లలతో రెండు రాత్రులు గడపవలెనని వారి ముచ్చట. ముచ్చట మంచిదే. కాని చోటును చాలమంది కంటితో మాత్రమే ఎన్నుకొందురు. చదునైన పచ్చిక, ప్రక్కనే పారు నీరు, చుట్టును కొండలు ఉన్నచో ఇంకేమి కావలెనని తలతురు. ఆ నిట్టనిలువు కొండల నడుమ అంత చదునైన నేల ఎట్లు ఏర్పడినదో విచారించువారు తక్కువ.

మొదట చలి సంగతి. పైకి పోయినకొలది గాలి చల్లబడును. సగటున ప్రతి 1000 మీటర్లకు సుమారు 6.5 సెంటీగ్రేడు డిగ్రీలు తగ్గును. దీనినిబట్టి శిఖరముకంటె లోయ వెచ్చగా నుండవలెనని తోచును. పగటివేళ అది నిజము. మబ్బు, గాలి లేని రాత్రులందు మాత్రము ఇది తలక్రిందగును. సూర్యుడు గ్రుంకిన పిమ్మట నేల తన వేడిమిని వికిరణ రూపమున ఆకాశమునకు కోల్పోవును. మబ్బులున్నచో అవి కంబళివలె అందులో కొంత వేడిమిని తిరిగి నేలకు పంపును. లేనిచో పోయినది పోయినట్లే. చల్లబడిన నేల నంటియున్న గాలియు చల్లబడి బరువెక్కును. నీరు పల్లమెరుగునన్న మాట బరువైన గాలికిని వర్తించును. అది వాలు వెంట మెల్లగా జారి, లోయ అడుగున మడుగు కట్టి నిలుచును. దీనిని ఉష్ణోగ్రతా విలోమ మందురు. అట్టి వేకువజామున లోయ అడుగుకంటె, కొంత పైనున్న కొండవాలు అనేక డిగ్రీలు వెచ్చగా నుండవచ్చును.

లంబసింగి సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్నది. జనవరి వేకువలందు విశాఖపట్టణమున సుమారు 18 డిగ్రీలుండును. ఎత్తునుబట్టి లెక్కించినచో లంబసింగిలో పదకొండు, పన్నెండు డిగ్రీలుండవలెను. కాని ఆ ప్రాంతమున కొన్ని వేకువలందు ఐదు డిగ్రీలకంటె తక్కువగా, ఒక్కొక్కప్పుడు సున్నకు చేరువగా నమోదగుచుండును. సముద్రము తీరమును వెచ్చగా నుంచుట ఈ తేడాలో కొంత. మిగిలినది నిర్మలాకాశపు వికిరణము, లోయలలో నిలిచిన చల్లగాలియు చేయు పని. ఆ ఊరికి కొర్రబయలను మరియొక పేరు కలదు. రాత్రి ఆరుబయట నిదురించినవాడు తెల్లవారుసరికి కొర్రువలె బిగుసుకొనిపోవునని దాని భావముగా చెప్పుదురు.

కావున లోయ అడుగు పనికిరాదు. కొండకొమ్మునను ఇబ్బందియే. అచట గాలి విసురు ఎక్కువ, పిడుగుపాటు భయమును కలదు. వాలు మధ్యలో మెట్టువలె నుండు చిన్న చదును, తూర్పువైపు తెరపియున్నచో ఉదయపు టెండ త్వరగా తగులును, మేలైనది. దానిపైకి వాలిన ఎండుకొమ్మలు గల చెట్లు ఉండరాదు.

ఇక నీటి సంగతి. దీనిని తేలికగా తీసుకొనరాదు. స్పెయిన్ దేశమున పిరెనీస్ పర్వతములలో బియెస్కాస్ అను ఊరి చెంత లాస్ నియెవెస్ అను విడిది యుండెడిది. 1996 ఆగస్టు 7వ తేదీ సాయంకాలము ఎగువనున్న ఒక చిన్న వాగు పరీవాహమున కుంభవృష్టి కురిసెను. వాగుపై వరుసగా కట్టిన చిన్న అడ్డుకట్టలు తెగిపోయెను. నీరు, బురద, బండరాళ్లు ఏకమై గుడారముల మీదికి వచ్చెను. 87 మంది మరణించిరి. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమున ఆల్బర్ట్ పైక్ విడిదిలో 2010 జూన్ 11వ తేదీ తెల్లవారకముందే నది ఉప్పొంగి 20 మందిని పొట్టబెట్టుకొనెను. ఈ రెండును దొంగచాటు విడుదులు కావు, అనుమతిగల స్థలములే. అనుమతి యున్నంతమాత్రమున చోటు సురక్షితమని నమ్మరాదు.

బియెస్కాస్ విడిది చదునుగా నుండుటకు కారణమును ఆ వాగే. నిటారు కనుమనుండి వేగముగా దిగిన నీరు విశాలమైన లోయలోనికి రాగానే వేగము కోల్పోవును. మోసికొని వచ్చిన రాళ్లు, ఇసుక అచటనే వదలును. ఇట్లు వేల సంవత్సరములలో విసనకర్ర ఆకారమున మెల్లని వాలుగల నేల ఏర్పడును. చూపునకు అది గుడారముల కొరకే చేసినట్లుండును. నిజమునకు అది వాగు సొంత మాగాణి. మరల ఎప్పుడైనను దానిపై ప్రవహించు హక్కు దానికి కలదు. వేగము రెండింతలైనచో నీటి త్రోపు నాలుగింతలగును. కనుక మోకాలి లోతు వరద కూడ పెద్దవానిని పడద్రోయగలదు. పిల్లల సంగతి చెప్పనక్కరలేదు.

గుర్తులు లేకపోలేదు. పొదల కొమ్మలకు చిక్కిన ఎండుగడ్డి, ఒడ్డునకు దూరముగా పడియున్న నున్నని గుండ్రాళ్లు, చెట్ల మొదళ్లకు ఎగువ వైపున మాత్రమే గల దెబ్బలు పాత వరద ఎత్తును తెలుపును. గుడారము అంతకంటె ఎత్తున ఉండవలెను. గెడ్డ నీరు హఠాత్తుగా ఎర్రబడినను, చితుకులు కొట్టుకొని వచ్చినను తలపై వాన లేకున్నను కదలవలెను. మన్యమునకు యాత్రికులు వచ్చు కాలమును, బంగాళాఖాతపు తుపానుల కాలమును కొంతవరకు ఒకటే. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ అరకు వరకు చెట్లను కూల్చెను. గెడ్డకు దూరముగా నుండుటలో మరియొక లాభము కలదు. కొండప్రాంతములందు మలేరియాను వ్యాపింపజేయు అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ మెల్లగా పారు సెలయేళ్లలోనే పెరుగును. దోమతెర తప్పక కావలెను.

చోటు మంచిదైనను చలికి తాళలేక బొగ్గుల కుంపటిని గుడారములోనికి తెచ్చుకొనువారున్నారు. పొగ లేనందున హాని లేదని వారి భ్రమ. కణకణలాడు నిప్పులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ఆక్సిజనుకంటె దీనిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. నిదురలో నున్నవారికి తలనొప్పి, వికారము తెలియకముందే స్మృతి తప్పును. కుంపటి బయటనే ఉండవలెను. చలికి మందు వేరు: శరీరపు వేడిమిలో చాల భాగము క్రింది నేలకు పోవును గనుక, పైన మరియొక దుప్పటి కప్పుటకంటె క్రింద ఎండుగడ్డి దళసరిగా పరచి బొంత వేయుట మేలు. గడ్డి పోచల నడుమ చిక్కిన గాలి వేడిని సులభముగా పోనీయదు.

ఏకాంతము ఎంత కావలెనన్నది మిగిలిన ప్రశ్న. పిల్లలు, వృద్ధులు ఉన్నపుడు ఊరి దీపములు కనబడనంత దూరము పోవుట సాహసమే యగును. అనేక లోయలలో సెల్‌ఫోను పనిచేయదు. పిలిచిన పలుకునంత దూరమున ఒక పల్లె, నడచి పోదగినంత దూరమున బాట ఉండుట చాలును. అటవీ భూమియైనచో ఆ శాఖవారి అనుమతి పొందవలెను. కొండ చాటున ప్రొద్దు త్వరగా వాలును గనుక మధ్యాహ్నము మూడు గంటలలోపుగా చేరి, పల్లెలోని పెద్దవారి నెవరినైన పిలిచి, గెడ్డ పొంగిన సంవత్సరమున నీరు ఎంతవరకు వచ్చినదో చేయి చాచి చూపుమని అడుగవలెను.