ఉపఎన్నికలు - ప్రజాదరణ సన్నగిల్లిన నాయకుని భవితవ్యము

చట్టసభ సభ్యుని మరణమువలననో, రాజీనామావలననో ఖాళీపడిన స్థానమును నింపుటకు జరుగునది ఉపఎన్నిక. ఒక్క స్థానముచే ప్రభుత్వము మారుట అరుదు. అయినను ప్రజాదరణ సన్నగిల్లిన పక్షనాయకుని భవితవ్యము పెక్కుమారులు ఇట్టి ఒక్క స్థానముతో ముడివడుచున్నది. ఒక నియోజకవర్గపు తీర్పునకు ఇంతటి బలము ఎచ్చటినుండి వచ్చినది?

మొదట మనకు సమీపమైన ఉదాహరణమును గైకొందము. 1977 మార్చిలో శ్రీమతి ఇందిరాగాంధీ రాయబరేలీలో రాజ్‌నారాయణ్ చేతిలో 55 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయిరి. ఉత్తరప్రదేశములోని 85 లోక్‌సభ స్థానములలో కాంగ్రెసునకు ఒక్కటియు దక్కలేదు. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశమున 42కు 41, కర్ణాటకమున 28కి 26 స్థానములు ఆ పక్షమునకే లభించినవి. 1978 జనవరిలో కాంగ్రెసు చీలిపోయినది.

ఆ యేడు రెండు ఉపఎన్నికలు ఆమె దశను మార్చినవి. ముఖ్యమంత్రియైన రామ్‌నరేశ్ యాదవ్ విడిచిన ఆజంగఢ్ స్థానమున ఆమె పక్షపు అభ్యర్థిని మొహసినా కిద్వాయి గెలుపొందిరి. నవంబరులో చిక్కమగళూరున ఆమెయే నిలిచి, మాజీ ముఖ్యమంత్రి వీరేంద్ర పాటిల్‌ను 70 వేలకు పైగా ఆధిక్యముతో ఓడించిరి. లోకము చిక్కమగళూరునే ఎక్కువగా స్మరించును. కాని విచారించి చూడగా ఆజంగఢే గట్టి సాక్ష్యము. కర్ణాటకము ముందునుండియు ఆమె పక్షమునకు అనుకూలమైన సీమ. తాను ఎంచుకొన్న రంగమున పొందిన జయము నాయకుని బలమును కొంతవరకే చూపగలదు. ఆజంగఢ్ మాత్రము ఏడాది క్రితము కాంగ్రెసును పూర్తిగా నిరాకరించిన రాష్ట్రములోనిది. 1978 డిసెంబరు 19న లోక్‌సభ ఆమెను బహిష్కరించినను ఆ పుంజుకొనుట ఆగలేదు. 1980 జనవరిలో ఆమె పక్షము 353 స్థానములతో అధికారమునకు వచ్చినది. రాయబరేలీ, మెదకు రెండింటను గెలిచిన ఆమె తెలుగుసీమలోని మెదకునే నిలుపుకొనిరి.

ఇందుకు విపరీతమైన దృష్టాంతము బ్రిటనులో కలదు. తలసరి పన్ను వలన 1990 నాటికి ప్రధాని శ్రీమతి మార్గరెట్ థాచర్‌పై తీవ్రమైన అసంతృప్తి ప్రబలినది. ఆ అక్టోబరు 18న ఈస్ట్‌బోర్న్‌లో ఉపఎన్నిక జరిగినది. కన్సర్వేటివు సభ్యుడు ఇయాన్ గౌ ఐ.ఆర్.ఎ. బాంబునకు బలియైనందున ఏర్పడిన ఖాళీ అది. సానుభూతి లభింపవలసిన చోటనే, 1987లో దాదాపు 17 వేల ఆధిక్యము గల స్థానమును ఆ పక్షము 4,550 ఓట్లతో కోల్పోయినది. నవంబరు 1న జెఫ్రీ హౌ ఐరోపా విధానముపై విభేదించి మంత్రిపదవిని త్యజించిరి. 20వ తేదీన స్వపక్ష సభ్యుల ఓటులో ఆమెకు 204, మైకేల్ హెసెల్టైన్‌కు 152 వచ్చినవి. నియమములు కోరిన ఆధిక్యమునకు నాలుగు ఓట్లు తక్కువైనవి. 22న ఆమె వైదొలగుచున్నట్లు ప్రకటించిరి.

ఈస్ట్‌బోర్న్ ఓటరులు ఆమెను తొలగింపలేదు. తొలగించినది స్వపక్ష సభ్యులే. ఉపఎన్నిక బలమంతయు ఇందులోనే కలదు. 17 వేల ఆధిక్యమే నిలువనప్పుడు, ఐదువేల ఆధిక్యముతో గెలిచినవాడు తన స్థానమునుగూర్చి భయపడక మానడు. ఆ భయము అంతవరకు గుసగుసగా నున్న అసమ్మతికి ధైర్యమును, లెక్కను సమకూర్చును. అయితే నాయకుని మార్చు విధానము పక్షనియమములలో నున్నచోటనే అది త్వరగా ఫలించును. నాయకుని చుట్టే నిర్మితమైన పక్షములో ఓటమి నిట్టూర్పుగానే మిగులును.

ఓడిన ప్రతి నాయకుడును తొలగిపోవుననుటయు సరికాదు. 2021 మే నెలలో బ్రిటను లేబరు పక్షము హార్టిల్‌పూల్‌ను కోల్పోయినప్పుడు కియర్ స్టార్మర్ నాయకత్వము సంశయాస్పదమైనది. జులైలో బాట్లీ అండ్ స్పెన్ స్థానమును కేవలము 323 ఓట్లతో నిలుపుకొనుటచే ఆయనకు ఊపిరి తిరిగినది; 2024 జులైలో ఆయన ప్రధాని యయ్యెను.

కావున ఉపఎన్నిక సాక్ష్యమే గాని తీర్పు కాదు. ప్రభుత్వమును మార్చకయే మందలింపవచ్చునను ధీమాతో కొందరు ఓటు వేయుదురు. స్థానిక సమస్యలును, అభ్యర్థి గుణగణములును ఫలితమును వంచును. ఆ స్థానము ఎవరికి అనుకూలమైనది, దానిని ఎవరు ఎంచుకొనిరి, నాయకుని తొలగించు అధికారము ఎవరి చేతనున్నది - ఈ మూడింటిని విచారించిన పిమ్మటనే ఆ సాక్ష్యమునకు విలువ కట్టవలెను. అట్టి విచారణ చేయగల ఓటరు గల చోట ఒక్క నియోజకవర్గపు మాటయు దేశమునకు హితవాక్యము కాగలదు.