కొత్త యింటి గోడలలో నీరు

పైకప్పు ఎక్కడా కారదు. గోడలో నీటి గొట్టం లేదు. అయినా గృహప్రవేశమైన కొన్ని నెలలకే రంగు పొక్కులెత్తి రాలుతుంది. గోడకు ఆనించిన బీరువా వెనుక నల్లని బూజు పడుతుంది. ఈ నీరు ఎక్కడనుండి వచ్చింది? చాలాసార్లు అది కట్టుబడి నాటి నీరే.

50 కిలోల సిమెంటు బస్తాకు సుమారు 25 లీటర్ల నీరు కలిపారనుకొందాం. సిమెంటుతో రసాయనికంగా సంయోగం చెందేది దాని బరువులో నాలుగవ వంతుకు మించదు. అనగా 12 లీటర్లు. మిగిలినది కలపడానికి, పోయడానికి వీలుగా ఉండేందుకు చేర్చినది. 400 బస్తాలు పట్టిన యింటిలో అట్టి నీరు 5,000 లీటర్ల వరకు ఉంటుంది. కొంత భాగం సూక్ష్మరంధ్రాలలో చిక్కుకొని ఉండిపోయినా, తక్కినది ఆవిరై పోవలసిందే. ఇటుకలు పీల్చినది, కాంక్రీటుపై కనీసం వారం రోజులు కట్టే నీరు దీనికి అదనం. ఆరదేమోనని ఈ తడపడం మానరాదు. మానితే కాంక్రీటు బలం తగ్గుతుంది.

ఆవిరిని మోసుకొనిపోయేది గాలి. దాని శక్తికి హద్దు గలదు. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములను మాత్రమే ఇముడ్చుకోగలదు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిలోని గాలి 30 డిగ్రీల వద్ద ఒక కిలోకు కొంచెం మించిన నీటితోనే సంతృప్తమవుతుంది. కాబట్టి తలుపులు మూసిన యిల్లు ఆరదు. ఎండ కాసే పొడి వేళల్లో ఎదురెదురు కిటికీలు తెరిచి, గాలి మారనివ్వాలి.

వర్షాకాలంలో దీనికి విరుద్ధమైన సంగతి జరుగుతుంది. 30 డిగ్రీల గాలిలో సాపేక్ష ఆర్ద్రత 80 శాతమైతే దాని తుషారస్థానం సుమారు 26 డిగ్రీలు. నేల 25 డిగ్రీల వద్ద ఉంటే, బయటి గాలి తగిలి నేల చెమరుస్తుంది. అప్పుడు కిటికీలు తెరిచినకొద్దీ తడి పెరుగుతుంది.

ఈ రెండింటి తేడా తెలుసుకొనే సులభ పరీక్ష ఒకటి ఉన్నది. అరమీటరు చదరపు పాలిథీన్ కాగితాన్ని నేలపై పరిచి, అంచులు గాలి చొరకుండా అతికించి, ఒకరోజు ఉంచాలి. అడుగున నీటి బిందువులు కనిపిస్తే తేమ నేలనుండి వస్తున్నది. పైన కనిపిస్తే గదిలోని గాలినుండి వచ్చినది.

ఆవిరిని అడ్డగించే పొర ఎక్కడ ఉండాలన్నది వాతావరణాన్ని బట్టి ఉంటుంది. చలిదేశాలలో వెచ్చని గదినుండి ఆవిరి బయటి చల్లని గోడలోకి పోతుంది. కనుక పొర లోపలివైపు ఉంటుంది. మన కోస్తా ప్రాంతంలో ఎయిర్ కండిషనర్ పనిచేసే గదిలోకి ఆవిరి బయటనుండి వస్తుంది. అక్కడ లోపలివైపు ప్లాస్టిక్ కాగితం అతికిస్తే, తేమ దాని వెనుక చిక్కి బూజు పెరుగుతుంది.

ఇది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. తేమ, బూజు గల యిండ్లలో ఉబ్బసం, శ్వాసకోశ వ్యాధులు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. గృహప్రవేశానికి ముహూర్తం పంచాంగంలో దొరుకుతుంది. గోడకు నూనెరంగు పూయడానికి మాత్రం అది ఆరినదో లేదో పరీక్షించి చూసుకోవాలి.