వర్తకులకు తగిన ఈ-మెయిల్ వసతి

మన పాఠశాల విడిచి స్వంతముగా వ్యాపారము ప్రారంభించిన పూర్వ విద్యార్థులు అప్పుడప్పుడు మా యొద్దకు వచ్చి, "అయ్యా, మా దుకాణమునకు ఈ-మెయిల్ ఏర్పాటు చేసికొనవలెను. ఏ కంపెనీ మంచిది?" అని యడుగుచుందురు. విద్యార్థుల తలిదండ్రులలో వర్తకులైనవారును ఈ ప్రశ్ననే వేయుదురు. ప్రశ్న మంచిదే గాని, దానికి ముందు అడుగవలసినది మరియొకటి గలదు. దాని నడుగకపోవుటచే గలిగిన నష్టమును మేము స్వయముగా చూచితిమి గనుక, ఆ విషయమును ఈ సంచికలో కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

ముందుగా ఈ-మెయిల్ ఎట్లు నడచునో తెలిసికొందము. 1971వ సంవత్సరమున అమెరికా దేశమునందు రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు, ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు ఉత్తరము పంపుచు, మనుష్యుని పేరునకును యంత్రము పేరునకును నడుమ "యాట్" అను చిహ్నము నుంచెను. నేటికిని ప్రతి చిరునామాయందును ఆ చిహ్నమునకు ఎడమవైపున పెట్టె పేరును, కుడివైపున ఇంటిపేరు వంటి పేరును ఉండును. ఈ కుడివైపు పేరునే డొమైన్ అందురు. 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించిన పద్ధతి ననుసరించి, ఈ పేర్లన్నియు లోకమంతటను వ్యాపించిన యొక పట్టికలో నమోదై యుండును. "ఈ పేరునకు వచ్చు ఉత్తరములను ఫలానా సర్వరునకు అందజేయుడు" అని చెప్పు పంక్తి యొకటి ఆ పట్టికలో నుండును. దానిని ఎమ్ఎక్స్ రికార్డు అందురు. ఉత్తరము పంపు యంత్రము ముందు ఆ పంక్తిని చదివి, పిదప అచ్చటికి ఉత్తరమును చేర్చును.

దీనినిబట్టి తేలునదేమనగా, పేరు వేరు, ఉత్తరములు నిలువయుండు చోటు వేరు. చోటు నచ్చనియెడల ఆ పంక్తిని మార్చి మరియొక కంపెనీకి పోవచ్చును. కొన్ని గంటలలోనో, ఒకటి రెండు దినములలోనో ఉత్తరములు క్రొత్తచోటికి వచ్చుచుండును. చిరునామా మాత్రము మారదు. కాని పేరే మన చేతిలో లేనప్పుడు, ఎంత గొప్ప కంపెనీలో పెట్టె యద్దెకు తీసికొన్నను ప్రయోజనము లేదు.

చీరాల ప్రాంతమున చేనేత వస్త్రముల వర్తకము చేయు మన పూర్వ విద్యార్థి యొకడు కలడు. పదునొకండు మగ్గములవారు అతనికి నేసి యిచ్చుచుందురు. కొన్ని సంవత్సరముల క్రిందట అతడు మా సలహా కోరగా, వెబ్‌సైటులు చేయ నేర్చిన యొక యువకుని మేమే చూపితిమి. ఆ యువకుడు పని చక్కగానే చేసెను. అయితే తొందరలో డొమైనును తన పేరనే, తన ఈ-మెయిల్ చిరునామాతోనే నమోదు చేసెను. అందు దురుద్దేశ మేమియు లేదు. కొంతకాలమునకు అతనికి విదేశమున ఉద్యోగము దొరకెను. గడువు ముగియుచున్నదను హెచ్చరికలన్నియు అతడు తెరచుట మానిన పాత పెట్టెకు పోయెను.

దీపావళికి ముందు నెలలో ఒకనాడు పేరు గడువు తీరిపోయెను. మన వర్తకునకు ఉత్తరములు నిలిచిపోయెను. వ్యాపారము మందగించెనని అతడు తలంచెనే గాని, చిరునామాయే చచ్చినదని నాలుగు దినములవరకు ఎరుగడు. బెంగుళూరినుండి రావలసిన పెద్ద ఆర్డరు ఖాయపు ఉత్తరము పంపినవారికే తిరిగి పోగా, వారు విసిగి మరియొకరికి ఆర్డరు నిచ్చిరి. విదేశముననున్న యువకుని వెదకి పట్టుకొని, అదనపు రుసుము చెల్లించి పేరును విడిపించుకొనుటకు తొమ్మిది దినములు పట్టెను. నూలు కొని సిద్ధముగానున్న నేతగాండ్రలో నలుగురి మగ్గములు ఆ పండుగకు ఊరక నిలిచిపోయెను. పేరు ఎవరి పేర నున్నదని ఆనాడు మేమును అడుగలేదు. ఇప్పుడు అందరిని మొదట అడుగునది అదియే.

కావున వర్తకుడు మొట్టమొదట చేయవలసిన పని, డొమైనును తన పేరనో, తన సంస్థ పేరనో నమోదు చేసికొనుట. దానిని ఒక సంవత్సరమునకు గాక కొన్ని సంవత్సరములకు ఒకేసారి చెల్లించుట మేలు. గడువు హెచ్చరికలు వచ్చు చిరునామా అదే డొమైనుకు చెందినది కాకూడదు. ఏలయనగా పేరు ఆగిపోయిన దినమున ఆ పెట్టెయు ఆగిపోవును. పాస్‌వర్డు యజమానియొద్దను, ఆయన నమ్మిన మరియొకరియొద్దను ఉండవలెను. పనివాడు ఏర్పాటు చేయవచ్చును గాని, తాళపుచెవి యజమాని మొలనుండవలెను.

ఇక రెండవ ప్రశ్నకు వచ్చెదము. ఉత్తరముల వసతికి మూడు మార్గములు గలవు. వెబ్‌సైటు నుంచు కంపెనీయే దానితోపాటు కొన్ని పెట్టె లిచ్చుట మొదటిది. ఇది చౌక. అయితే ఒకే సర్వరును అనేకులు పంచుకొందురు గనుక, వారిలో నొకడు చెత్త ఉత్తరములు పంపినచో ఆ చెడ్డపేరు తక్కినవారికిని అంటవచ్చును. గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365, చెన్నై ప్రధాన కేంద్రముగాగల జోహో మెయిల్ వంటివానియందు మనిషికింతయని రుసుము చెల్లించుట రెండవది. స్వంత సర్వరు నడుపుకొనుట మూడవది. దానికి రాత్రింబవళ్లు కనిపెట్టియుండు నిపుణుడు కావలెను గనుక, చిన్న వర్తకులకు మేము దానిని సిఫారసు చేయము.

"ఉచితముగా దొరకుచుండగా రుసుమేల?" అని కొంద రడుగుదురు. ఉచితమైనది ఎల్లకాలము ఉచితముగా నుండునని నమ్మరాదు. స్వంత డొమైను గలవారికి గూగుల్ సంస్థ ఉచితముగా నిచ్చుచుండిన ఏర్పాటు 2012 డిసెంబరునుండి క్రొత్తవారికి ఆగిపోయెను. అంతకుముందే చేరియున్న వ్యాపారస్థులును ఇకమీదట రుసుము చెల్లింపవలసినదని 2022లో ఆ సంస్థ తెలిపెను. స్వంత పేరు గలవారు కావలసినచో మరియొక చోటికి పోగలిగిరి.

కంపెనీని ఎన్నుకొనునప్పుడు కొన్ని సంగతులు విచారింపవలెను. మొదటి సంవత్సరపు తగ్గింపు ధర గాక రెండవ సంవత్సరపు ధర ఎంత? పొరబాటున తుడిచివేసిన ఉత్తరములను ఎన్ని దినములవరకు తిరిగి తెప్పించుకొనవచ్చును? ఆపద వచ్చినప్పుడు ఫోనులో పలుకు మనిషి యున్నాడా? పాస్‌వర్డుతోపాటు రెండవ తాళముగా ఫోనుకు వచ్చు సంకేతమును అడుగు ఏర్పాటు గలదా? విడిచిపోవునప్పుడు పాత ఉత్తరములన్నిటిని వెంట తీసికొనిపోవచ్చునా? ఈ కడపటి ప్రశ్నకు "ఐమాప్ పద్ధతి గలదు" అని జవాబు వచ్చినచో కొంత ధైర్యము. 1986లో మార్క్ క్రిస్పిన్ ఆరంభించిన ఆ పద్ధతివలన ఉత్తరములను ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చవచ్చును.

పెట్టెల లెక్కయందును జాగ్రత్త వహింపవలెను. ఆర్డర్లకొకటి, లెక్కలకొకటి, ఫిర్యాదులకొకటి యని మూడు పెట్టెలు కొననక్కరలేదు. ఒకే మనిషి ఆ మూడు పనులను చూచునప్పుడు, ఒక పెట్టెకే మారుపేర్లుగా ఆ చిరునామాల నుంచుకొనవచ్చును. వానికి సాధారణముగా వేరు రుసుము లేదు.

మరియొక సంగతి ముఖ్యము. మన పేరుతో ఇతరులు దొంగ ఉత్తరములు వ్రాయకుండుటకు మూడు ముద్రలు గలవు. మన పేరున ఉత్తరములు పంపుటకు ఏ సర్వర్లకు అధికారము గలదో ఎస్పీఎఫ్ తెలుపును. ఉత్తరము దారిలో మార్పు చెందలేదని డీకిమ్ అను సంతకము రుజువు చేయును. ఈ పరీక్షలలో నిలువని ఉత్తరములను ఏమి చేయవలెనో డీమార్క్ ఆదేశించును. 2024 ఫిబ్రవరినుండి జీమెయిల్ పెట్టెలకు దినమునకు 5000 ఉత్తరములకు మించి పంపువారికి ఈ మూడును విధింపబడెను. తక్కినవారికి మొదటి రెంటిలో నొకటైనను ఉండవలెను. ముద్రలు లేని ఉత్తరము స్పామ్ అను చెత్తబుట్టలో పడిపోవచ్చును. వీనిని పెట్టుట ఒక పూట పని. కంపెనీవారు చెప్పిన పంక్తులను డొమైన్ పట్టికలో చేర్చుటయే. అందుకును పట్టిక మన చేతిలో నుండవలెను గదా!

పేరు నిలిచియుండగా చోటు మార్చుట ఎంతవరకు సాధ్యమో చూపుటకు మన దేశముననే యొక దృష్టాంతము గలదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల సుమారు 12 లక్షల ఈ-మెయిల్ పెట్టెలు జోహో సంస్థ నడుపు ఏర్పాటునకు మారినట్లు 2025లో పత్రికలు ప్రకటించెను. చిరునామాల చివరనున్న ప్రభుత్వపు పేర్లు మాత్రము యథాతథముగా నుండెను. వారికి వ్రాయువారు ఏమియు మార్చుకొనవలసిన పని లేకపోయెను. 12 లక్షల పెట్టెలకు సాధ్యమైనది, మూడు పెట్టెల దుకాణమునకు అసాధ్యము కాదు.

కావున ప్రియ విద్యార్థులారా, తలిదండ్రులారా, కంపెనీని గూర్చి ఎక్కువగా భయపడకుడు. తప్పుగా నెన్నుకొన్నచో మార్చుకొనవచ్చును. మీ దుకాణపు డొమైను ఎవరి పేర నున్నదో, గడువు ఎన్నడు తీరునో ఈ సాయంకాలమే చూచుకొనుడు. చీరాలలోని మన పూర్వ విద్యార్థి ఇప్పుడు ఆ తేదీని కాగితముపై వ్రాసి, గల్లాపెట్టె మూతకు లోపలివైపున అంటించుకొనియున్నాడు.